మా గేటు దగ్గరి కుక్క ఎందుకు లావెక్కింది

ఫోన్లో మనుషుల్ని సన్నబరిచే ఫిల్టర్ కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం పెట్టించాలి. నడుము మాత్రం కాస్త తగ్గించి పెట్టించాలి.

నవ్వకండి. రేపటి నుంచి నడుస్తానని ఇరవై ఏళ్లుగా ఒట్లు పెట్టుకుంటూ తగ్గించలేని నా బొజ్జను, సోఫాలోంచి లేవకుండా ఒక్క వేలితో తగ్గించాను. బొజ్జతోపాటు వెనకున్న తలుపు కూడా లోపలికి వంగింది. వంగితే వంగింది! తలుపునెవరు చూడొచ్చారు? మా అత్తగారి ముడతలు తుడిచేసి చూపిస్తే, ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఎవరు బాబూ ఈ అమ్మాయి, మనవాళ్లేనా?" అని అడిగారు. డెబ్బై మూడేళ్ల మనిషికి ఏ వైద్యుడు ఇంత మేలు చేయగలడు?

అలా ఇంటిల్లిపాదినీ చక్కదిద్ది బంధువుల గ్రూపులో పెట్టాను. లైకులే లైకులు! తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఆ ఫోటోను చాలాసేపు చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

పిల్లలకు దీనివల్ల ఎంత క్రమశిక్షణో చూడండి. పూర్వం ఫోటో మనలా రావాలని ఫోటోగ్రాఫర్ తంటాలు పడేవాడు. ఇప్పుడు ఫోటోలా ఉండాలని మనమే పడుతున్నాం. మా అమ్మాయి బుగ్గలు లోపలికి పీల్చుకుని పళ్లు తోముకోవడం నేర్చుకుంది. మీరూ ప్రయత్నించండి, నురగ ముక్కులోంచి వస్తుంది. ఇక లంచ్ బాక్సయితే రోజూ మెతుకు మిగలకుండా వచ్చేది. ఇన్నాళ్లకు మా ఆవిడకు వంట కుదిరిందని పొంగిపోయాను. ఆ మాట పైకి అనకుండా ఉండాల్సింది.

ఆ రోజుల్లోనే మా గేటు దగ్గరి కుక్క లావెక్కింది. మొరగాల్సి వస్తే పడుకునే మొరిగేది.

ఒకరోజు డ్రిల్ క్లాసులో మా అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే కంగారులో స్కూటర్ తాళం తలుపుకు పెట్టి తిప్పాను. మా వాచ్‌మనే నన్ను స్కూటర్ మీద అక్కడికి తీసుకెళ్లాడు.

"పాప సరిగ్గా తింటోందా?" అని డాక్టరమ్మ అడిగారు.

"బాక్సు ఖాళీగానే వస్తోందండీ" అన్నాను.

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "బస్సు వచ్చేలోపు పాప అదంతా కుక్కకు పెట్టేస్తుంది సార్. మీకు తెలుసనుకున్నా."

డాక్టరమ్మ మంచం మీదున్న పిల్ల చేయి పట్టుకున్నారు. "నువ్వు లావుగా ఉన్నావని ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అన్లేదు" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు, "గ్రూపులో పెట్టే ముందు నాన్నే నా బుగ్గలు తగ్గించారు" అంది.

నాకు తల కొట్టేసినట్లయింది. ఆ గదిలో ముఖం దాచుకోవడానికి ఏ ఫిల్టరూ దొరకలేదు.

ఆ ఫోటో తీసేశాను. కొత్తదాంట్లో నా బొజ్జ ఉంది, మా అమ్మాయి బుగ్గలున్నాయి, తలుపు నిటారుగా ఉంది. లైకులు మూడు. రోజూ పొద్దున పిల్ల పక్కన కూర్చుని నేనూ తింటున్నాను. మొదట్లో రెండు ముద్దలే తినేది. ఇప్పుడు నా కంచంలోంచి కూడా లాక్కుంటోంది.

నెల రోజులుగా కుక్క చిక్కిపోతోందని వాచ్‌మన్ ఒకటే బెంగ. నోరులేని జీవం చిక్కుతుంటే చూసి సంబరపడే దుర్మార్గుణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే.