పరిధిలో ఉన్న కిటికీ

నీలవేణి ఎవరికైనా పుస్తకం చదువుకోమని ఇస్తే, తెల్లారేసరికి వాళ్ళింటి గోడకు కొత్త కిటికీ పుట్టి ఉంటుందన్న సంగతి సున్నపుబట్టీ వీధిలో అందరికీ తెలుసు. పురపాలక సంఘానికి మాత్రం ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వెంటనే, అనుమతి లేని కిటికీలను కొలిచి రమ్మని భవనాల ఇన్‌స్పెక్టరు గంగాధరాన్ని పంపారు.

గంగాధరం టేపు పట్టుకుని మొదట వీర్రాజు ఇంటికి వెళ్ళాడు. వీర్రాజు బియ్యం మిల్లులో గుమాస్తా. నీలవేణి ఆయనకిచ్చింది ఓడల కథ కాబట్టి, పడకగది కిటికీ అవతల సముద్రం ఉంది. గోడకూ అలలకూ మధ్య వదలవలసిన జాగా వదల్లేదని గంగాధరం రాసుకున్నాడు. ఇంతలో నురగ ఎగిరి బూటు మీద పడింది. రుమాలుతో తుడుచుకున్నాడు గానీ, ఆ తడి రుమాలును మళ్ళీ జేబులో పెట్టుకోవడానికి కాసేపు చేతులు రాలేదు. చిన్నప్పుడెప్పుడో మరిచిపోయిన భయంలాంటిదేదో గుర్తొచ్చింది. అది భయం కాదేమోనని కూడా అనిపించింది. డ్యూటీలో ఉన్నాడు గనుక టేపు చుట్టుకున్నాడు.

వీర్రాజు బాధ వేరు. "నైరుతిలో నీళ్ళుండకూడదండి. మా బావమరిది మరీమరీ చెప్పాడు," అంటూ సముద్రం మీద దేవుడి కేలండరు వేలాడదీశాడు. పక్కింటి అనసూయమ్మది అడవి కిటికీ. వంటింట్లోంచి చెయ్యి చాస్తే అందే కొమ్మల మీద ఆవిడ బట్టలు ఆరేసుకుంటోంది. కోతులు వడియాలు ఎత్తుకుపోతున్నాయని ఫిర్యాదు మాత్రం చేసింది. ఆ వీధిలో ఇప్పుడు పుస్తకం దేని గురించని ఎవరూ అడగడం లేదు. ఈశాన్యంలో పడేదుంటే ఇవ్వమ్మా అని అడుగుతున్నారు. పుస్తకం ఇంట్లో ఉంటే చాలు, చదవనక్కర్లేదు. తిరిగిచ్చేస్తే కిటికీ మూసుకుపోతుంది గనుక ఎవరూ తిరిగివ్వరు. అటక మీద పెట్టి, పైన ఇత్తడి బిందె బోర్లిస్తారు.

నీలవేణి తండ్రిది వీధి చివర పాతపేపర్ల కొట్టు. కొట్టు వెనక గదే వాళ్ళిల్లు. తొమ్మిదేళ్ళ పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని, పట్టపగలు ట్యూబులైటు కింద చదువుకుంటోంది. గదికి కిటికీ లేదు.

"మీకు పుట్టలేదేం?" అన్నాడు గంగాధరం.

"మన పుస్తకం మనకి పనిచెయ్యదండి. ఎవరన్నా ఇవ్వాలి."

"మరి అడక్కపోయావా ఎవర్నన్నా?"

"అందరి పుస్తకాలూ మా నాన్న కొనేశాడండి. నేనిచ్చేవి వాళ్ళవేనండి."

"తూకానికండి," అని తండ్రి కాటా మీంచి తలెత్తకుండా సరిదిద్దాడు.

నీలవేణి చూపు ఇన్‌స్పెక్టరు సంచీ మీద పడింది. అందులో ఉన్నది పుస్తకమేనా అని అడిగింది. భవన నిర్మాణ నిబంధనలు, ఉద్యోగంలో చేరిన కొత్తలో గంగాధరం సొంతానికి కొనుక్కున్న ప్రతి. పిల్లలు చదివేది కాదన్నాడు. "రేపిచ్చేస్తానండి," అంది. ఇవ్వకూడదన్న నిబంధన అందులో ఎక్కడా లేదు. ఇచ్చాడు. ఎందుకిచ్చానా అని దారి పొడుగునా తనను తాను విచారించుకున్నాడు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి గదిలో ట్యూబులైటు ఆర్పేసి ఉంది. మంచం మీద ఎండ పడుతోంది. తండ్రి కళ్ళు చికిలించుకుని కాటా ముల్లు చూసుకుంటున్నాడు. నీలవేణి కిటికీ చువ్వలు పట్టుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ నిలబడి ఉంది.

గంగాధరం ఆమె పక్కన నిలబడ్డాడు. అవతల ఒక ఊరుంది. ప్రతి ఇల్లూ తన చుట్టూ జాగా వదిలి నిలబడింది, పెద్దవాళ్ళు ఎదురొస్తే తప్పుకున్నట్టు. ఆ జాగాల్లోంచి గాలి ఇంటింటికీ వెళ్తోంది. మురుగు ఎక్కడా కనబడకుండా ప్రవహిస్తోంది. దూరాన పార్కు. అది పార్కు స్థలమేనని ఆయనకు తెలుసు; ఇవతల ఊళ్ళో అదే చోట లేచిన కల్యాణమండపానికి సంతకం పెట్టింది తనే. ఒక ముసలాయన కాలిబాట మీద కిందికి చూడకుండా నడిచిపోతున్నాడు. గంగాధరం కూడా ఒక చువ్వ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా పేజీ నంబర్లతో సహా కంఠతా వచ్చిన పుస్తకంలో ఇంత వెలుతురుందని అనుకోలేదు.

"అది ఏ ఊరండి?" అంది నీలవేణి.

"మనదే," అన్నాడాయన.

తర్వాత టేపు తీసి కొలిచాడు. కొలతలన్నీ సరిపోయాయి. అదే చిక్కు. "ఇది ముయ్యాలమ్మా," అన్నాడు.

"వీర్రాజుగారిది?"

"సముద్రం మా పరిధిలోకి రాదు. అడవీ రాదు. వాటికి అభ్యంతరం లేదని రాసేస్తాను. ఇది వస్తుంది, దీనికి అనుమతి లేదు."

నీలవేణి చువ్వలు వదిలింది. పుస్తకం తెచ్చింది. రాత్రే దానికి పాత కేలండరు కాగితంతో అట్ట వేసి, నలిగిన మూలలు మడత విప్పి సాపు చేసింది. ఆయన చేతిలో పెడుతుండగా గోడ ఎప్పటిలా కలుసుకుంది. తండ్రి లేచి లైటు వేశాడు.

"మళ్ళీ ఎప్పుడిస్తారండి?"

"చూద్దాం," అన్నాడు గంగాధరం.

వీధివాళ్ళు నలుగురైదుగురు కొట్టు వాకిట్లో ఎదురుచూస్తున్నారు, తమ కిటికీలకు ఢోకా లేదని విని స్థిమితపడ్డారు. పాపం కుర్రది, దానికి కలిసిరాలేదు, నైరుతి గది కదా అంది అనసూయమ్మ. గంగాధరం సంచీ తగిలించుకుని స్కూటరెక్కాడు. వీధి మలుపులో రెండు ఇళ్ళ మెట్లు ఎదురెదురుగా రోడ్డు మీదికి వచ్చేసి ఉంటాయి. అక్కడికి రాగానే, అందరిలాగే, అలవాటుగా మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని బండి పోనిచ్చాడు.