సగం గ్రీకు, సగం లాటిన్

"ఇవాళైనా సంతకం పడుతుందా?" క్యారేజీ అందిస్తూ భార్య అడిగింది.

"ఒక్క చీటీ మిగిలింది. అది ఇచ్చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు" అన్నాడు గుమాస్తా.

నిఘంటువు ఆఫీసులో అతనిది పదకొండేళ్ల టెంపరరీ ఉద్యోగం. ఇంగ్లీషు మాట ఏ భాష నుంచి పుట్టిందో చీటీ మీద రాసి, ఆ భాషాధికారి సంతకం తీసుకుని, ఆ భాష సొరుగులో వెయ్యాలి. ఒక మాటకు ఒకే చీటీ, ఒకే సంతకం. ఆ రూలు పెట్టినాయన పోయి చాలాకాలమైంది. రూలు మాత్రం నిక్షేపంగా ఉంది.

మిగిలిన మాట టెలివిజన్. ముందు సగం గ్రీకు, వెనక సగం లాటిన్. ఏదో ఒకటి రాసేస్తే పది నిమిషాల్లో పనైపోయేది. ఖర్మ కాలి ఈయన నిజం రాశాడు.

"సగం మాటకు పూర్తి సంతకం ఎలా పెట్టనయ్యా?" అన్నారు గ్రీకు మాస్టారు.

"తల వాళ్లకిచ్చి మొండెం నా దగ్గరికి తెచ్చావా?" అంది లాటిన్ మేడమ్.

మధ్యాహ్నం దాకా రెండు గదుల మధ్య తిరిగి విసిగిపోయి, గుమాస్తా కత్తెర తీసుకుని చీటీని రెండు ముక్కలు చేశాడు. చెరో ముక్క మీద ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెట్టారు.

సాయంత్రం సొరుగులు తనిఖీ చేసిన డైరెక్టరు ఆ ముక్కలు చూసి మండిపడ్డాడు. "అసలు నువ్వు ఎవరి మనిషివి?"

అదీ తేలలేదు. పదకొండేళ్లూ పొద్దున గ్రీకు గదిలో, మధ్యాహ్నం లాటిన్ గదిలో పనిచేశాడు. పర్మినెంటు కాగితానికీ ఒకే అధికారి సంతకం కావాలి. సగం మనిషికి పూర్తి సంతకం పెట్టలేమని ఇద్దరూ చేతులెత్తేశారు. ఒక విషయంలో వాళ్లిద్దరూ ఏకమవడం అదే మొదలు.

"ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి సార్. వీటికి వేరే విభాగం ఉంటే..." అన్నాడు గుమాస్తా.

డైరెక్టరు ముఖం వికసించింది. "భేషైన ఆలోచనయ్యా. సోమవారం నుంచే పెడదాం."

ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ చాలాకాలానికి నవ్వుకున్నారు.

సోమవారం మిశ్రమ విభాగానికి అధికారిగా డైరెక్టరు గారి మేనల్లుడు వచ్చాడు. అతనికి పని నేర్పే బాధ్యత గుమాస్తాకు అప్పగించారు, టెంపరరీగానే. అవమానంతో గుమాస్తాకు అన్నం సహించలేదు. క్యారేజీ విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లాడు.

తన గదికి ఒక టెలివిజన్ కావాలని మేనల్లుడు పెట్టిన కాగితానికి మాత్రం ఒక్క సంతకం సరిపోయింది.