ఆయాసం ఎవరి పేరున

రెల్లుపాడులో ఎవరు పరుగెత్తినా ఆయాసం వాళ్లకు రాదు, పంచాయతీ ఆఫీసులో ఎవరి పేరు రాసిస్తే వాళ్లకు వస్తుంది. ఫారంలో పేరు రాయకుండా వదిలేస్తే, ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే మనిషికి వెళ్తుందని నిబంధన. ఊళ్లో దాదాపు అందరూ ఖాళీగానే వదిలేశారు.

కుసుమ వాళ్లింట్లో ఆ మనిషి అమ్మ, సత్యవేణి. షుగరుందని నాన్న తెల్లవారగానే కాలవ గట్టు మీద చేతులూపుకుంటూ నడిచేవాడు. ఇక్కడ అమ్మ దోసె తిరగేస్తూ రొప్పేది. అన్నయ్య దండీలు తీస్తుంటే ఆమె చేతిలో చట్నీ గిన్నె వణికేది. "ఈ వయసులోనూ నాకు అలుపన్నదే తెలీదు" అని నాన్న కనబడినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తొమ్మిదో తరగతి కుసుమది పదిహేను వందల మీటర్ల పరుగు. ప్రతి చుట్టు తర్వాత డ్రిల్లు మాస్టారు పట్టిక పట్టుకుని, పదికి అలుపెంతో అడిగి రాసుకునేవారు. కుసుమ "సున్నా సార్" అనేది. శనివారం పోటీలో మొదటి ముగ్గురినే జిల్లాకు పంపుతారు. ఆ ముగ్గురిలో ఉండాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

సోమవారం పరుగు ముగించి ఇంటికొచ్చేసరికి అమ్మ గోడ పట్టుకుని కూర్చుని ఉంది. మాట రావడం లేదు. కూతుర్ని చూసి మూడు వేళ్లు చూపించి నవ్వింది, ఇవాళ మూడు చుట్లు తిరిగావు కదా అన్నట్టు.

కుసుమకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు ఆఫీసుకెళ్లి, తన ఆయాసం తన పేరునే రాయమంది. గుమాస్తా సోమరాజు కళ్లజోడు సర్దుకున్నాడు.

"నీది నీకేనా? ఇదేం చోద్యమమ్మా! ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు."

"తప్పాండీ?"

"తప్పని ఎక్కడా రాసి లేదు. అలవాటు లేని మనిషివి, కాస్త నెమ్మదిగా పరుగెత్తు."

బుధవారం రెండో చుట్టులో కుసుమ ఆగిపోయింది.

"సార్, లోపల ఎవరో గుద్దుతున్నారు!"

"అది నీ గుండే. ఎంత వేసుకోను?"

"పదకొండు."

"పట్టిక పదిదాకానే ఉంది."

"ఇంకో కాగితం అతికించండి సార్."

డొక్కలో పోటు, నోట్లో ఇనప రుచి. మళ్లీ పరుగందుకుని నాలుగో స్థానంలో వచ్చింది. ఇంటి దగ్గర అమ్మ నిండు బిందెతో పంపు నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చి, "ఇవాళ ఒళ్లెందుకో తేలిగ్గా ఉందే" అంది.

గురువారమూ నాలుగో స్థానమే. గడపలోనే కూలబడి రొప్పుతున్న కూతుర్ని అమ్మ ఎగాదిగా చూసింది.

"ఓసి దొంగముండా, నాది నువ్వెప్పుడు పట్టుకుపోయావే?"

శుక్రవారం కుసుమ మళ్లీ ఆఫీసుకెళ్లింది. రేపొక్కరోజుకి మార్చమని ఎలా అడగాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉంది. సోమరాజు అప్పటికే ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ ఆయాసం తన పేరునే వేయమని మీ అమ్మ పొద్దున్నే వచ్చి సంతకం పెట్టేసిందమ్మా. నీదొక్కటే మిగిలింది."

"ఒక్కరోజుకేనాండీ?"

"ఒక్కరోజు ఫారాలు అచ్చు వేయించలేదు."

కుసుమ ఫారం రెండుసార్లు చదివింది. తర్వాత సంతకం చేసింది.

శనివారం ఆమెదే మొదటి స్థానం. మాస్టారు అలుపెంతని అడిగారు. "సున్నా సార్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పోటీ చూడ్డానికొచ్చిన తల్లులు గోడ వారన వరసగా కూలబడి, కొంగులతో విసురుకుంటూ రొప్పుతున్నారు. నిబంధన ప్రకారం గ్లూకోజు నీళ్లు పరుగెత్తినవాళ్లకే ఇచ్చారు. కుసుమకు దాహంగా లేదు. ఇచ్చారు కాబట్టి తాగింది.