నవ్వుతూ ఇచ్చిందే పుచ్చుకుంటాం

శిశువిహారాలు ఇకమీదట పిల్లల తల్లిదండ్రుల నుంచి ఏ పేరుతోనూ, ఏ రూపంలోనూ చిల్లిగవ్వ కూడా రుసుము వసూలు చేయరాదని ప్రభుత్వం వారు ఉత్తర్వు జారీ చేశారు. చాలా మంచి ఉత్తర్వు. మంచి ఉత్తర్వులన్నిటికీ ఉన్నట్టే దీనికీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వివరణ ఉంది. తల్లిదండ్రులు తమంతట తాము సంతోషంగా ఇచ్చే కానుకలకు ఈ నిషేధం వర్తించదు. సంతోషంగా ఇస్తున్నారో లేదో చూసుకునే పూచీ పుచ్చుకునేవారిదే.

ఉత్తర్వు వచ్చిన మర్నాడే కూడలి పక్కనున్న శిశువిహారం వారు గేటుకు వేలాడే రుసుముల పట్టిక పీకేశారు. దాని బదులు కానుకల పట్టిక పెట్టారు. పాత మేకుకే తగిలించారు కాబట్టి సంస్థకు అదనపు ఖర్చేమీ కాలేదు. చేరిక కానుక, చాప కానుక, ఇసుక కానుక, ఉయ్యాల తాడు అరుగుదల కానుక, కిటికీ పక్కన కూర్చునే పిల్లలకు వెలుతురు కానుక, కిటికీకి దూరంగా కూర్చునే పిల్లలకు దీపం కానుక. ప్రతిదానికీ ఎదురుగా ‘మీ మనసుకు తోచినంత’ అని ముచ్చటగా రాయించారు. మొత్తం మీద మూడు వేలకు తగ్గకుండా తోచవలెనని కింద ఒక్క ముక్క చేర్చారు, అంతే.

ఆ పట్టికను మొట్టమొదట ఆమూలాగ్రం చదివినవాడు వీధి మలుపులో కొట్టు పెట్టుకున్న దర్జీ. చదివి, జేబు తడుముకుని, హమ్మయ్య అనుకున్నాడు. మూడు వేలూ ఉన్నాయి. ఆరు నెలల నుంచి కూడబెడుతున్నాడు. పాపం, ఆయనకు అసలు ఇబ్బంది డబ్బుతో కాదు, ముఖంతో వచ్చింది.

ఆ ముఖం సంగతి కాస్త చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా గుండుసూదులు పెదాల మధ్య కరిచిపట్టుకుని బట్టలు కుడుతున్నవాడి మూతి ఎలా ఉంటుంది చెప్పండి! బిగుసుకుపోయి, చివర్లు కిందికి జారిపోయి, ఇప్పుడే చేదుమందు మింగినవాడిలా ఉంటాడు. పెళ్లిఫోటోలోనూ అంతే. ఆ ఫోటో చూసినవాళ్లు పెళ్లికూతుర్ని ఓదార్చి వెళ్లేవారు. కూతురు పుట్టిన రోజున పట్టరాని సంతోషంతో ఆసుపత్రి మెట్లు దిగుతుంటే, ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఒకాయన భుజం మీద చెయ్యేసి, "దేవుడున్నాడు బాబూ, గుండె దిటవు చేసుకో" అన్నాడు. మనిషి మాత్రం వెన్న.

ఆ పిల్లకిప్పుడు నాలుగేళ్లు. నోరు మూతపడదు కనుక అందరూ గోరింక అంటారు. తల్లి మందుల పెట్టెలు కట్టే పనికి పొద్దున ఏడింటికే వెళ్లిపోతుంది. అందుకని గోరింక పగలంతా కొట్లోనే, కుట్టుమిషను కిందే, కత్తెరలకూ కాలే ఇస్త్రీపెట్టెకూ మధ్య పెరుగుతోంది. పోయిన నెలలో ఒకరోజు కొట్టు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. దర్జీ వంగి చూశాడు. గోరింక ఒళ్లో గుడ్డముక్క పెట్టుకుని, అచ్చం నాన్నలాగే ఐదు గుండుసూదులు పెదాలతో కరిచిపట్టుకుని, దీక్షగా కుడుతున్నట్టు చేతులాడిస్తోంది. అరిస్తే ఉలిక్కిపడి మింగేస్తుంది. కాబట్టి అరవలేదు. మెల్లగా చెయ్యి చాచి ఒక్కొక్కటే లాగాడు. నాలుగు దొరికాయి. ఐదోది గౌను కుచ్చిళ్లలో కనబడేదాకా ఆయన పై ప్రాణాలు పైనే ఉన్నాయి.

సంగతి విన్న భార్య కూలబడిపోయింది. "ఏమండీ, మనం పస్తులున్నా సరే, పిల్లని బళ్లో వేసెయ్యండి. నాకు అక్కడ పెట్టెలు కడుతుంటే చేతులు ఆడవు ఇంక" అంది.

అలా దర్జీ మూడు వేలు పట్టుకుని కానుకల బల్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఆనంద నిర్ధారణాధికారి కూర్చుని ఉన్నాడు. నిన్నటిదాకా ఆయన రుసుముల గుమాస్తా. కుర్చీ అదే, బల్ల అదే, డబ్బు లెక్కపెట్టేముందు వేలు తడుపుకునే స్పాంజి కూడా అదే.

"రండి మాస్టారూ. ఏదో ఇద్దామని వచ్చినట్టున్నారు?"

"అవునండీ, పాపని చేర్పిద్దామని..."

"ఆ రెండూ కలపకండి, నేరం. మేం అడిగామా?"

"అబ్బే, లేదండీ."

"సంతోషంగానే ఇస్తున్నారా?"

"ఎంతో సంతోషంగానండీ."

గుమాస్తా కళ్లజోడు సవరించుకుని ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. నోట్లు వెనక్కి తోసేశాడు. "వద్దు మాస్టారూ. మీకు మనస్కరిస్తున్నట్టు లేదు. ఇష్టం లేనివాళ్ల దగ్గర తీసుకున్నానంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఇష్టమేనండీ బాబూ! నా ముఖమే అంత."

"ముఖమే అంతంటే పైవాళ్లు వింటారా? ఇదిగో ఫారం. మూడు ప్రతులు. మూడింటికీ మీరు నవ్వుతున్న ఫోటో అంటించాలి. పైవరసలో కనీసం నాలుగు పళ్లు కనబడాలి."

"పోనీ, కానుక లేకుండానే పిల్లని చేర్చుకోండి. కట్టాల్సిన పనేం లేదని ఉత్తర్వులో ఉందిగా."

గుమాస్తా జాలిగా చూశాడు. "ఇవ్వనివాళ్ల పిల్లల్ని చేర్చుకోకూడదని ఎక్కడా లేదు మాస్టారూ. చేర్చుకోవాలని కూడా ఎక్కడా లేదు."

ఇంతలో పెద్ద టీచరమ్మ స్వయంగా గదిలోకి వచ్చి సమస్య విన్నది. ఆవిడ దయగల మనిషి. తల్లిదండ్రుల మేలు కోరి శనివారాల్లో చిరునవ్వు తరగతులు ఏర్పాటు చేసిన దూరదృష్టి ఆవిడదే. "చూడండి నాయనా, సంతోషం అనేది లోపలినుంచి రావాలి. వచ్చి బయట కనబడాలి. కనబడి ఫైల్లో ఉండాలి. మీలాంటివారి కోసమే ఆ తరగతి. కానుక ఐదు వందలే" అని ఉపదేశించి వెళ్లింది. దర్జీకి ప్రాణం లేచొచ్చి ఐదు వందలు తీశాడు. గుమాస్తా మళ్లీ ముఖంలోకి చూసి, మళ్లీ వెనక్కి తోశాడు. నవ్వు నేర్చుకోవడానికి ఇచ్చే కానుకైనా నవ్వుతూనే ఇవ్వాలి కదా. ఒకరికి ఒక రూలూ ఇంకొకరికి ఇంకోటీ అంటే సంస్థ నడవదు.

తక్కినవాళ్లకు ఇంత కష్టం రాలేదు. బీమా ఏజెంటు ఒకాయన గేటు దాటకముందే పన్నెండు పళ్లూ బయటపెట్టి ఇద్దరు పిల్లల్ని ఒక్క పూటలో చేర్చేశాడు. ఒకావిడ చెవుల దిద్దులు అమ్మి తెచ్చి, ఫోటోకి నవ్వబోయి బావురుమంది. ఆ కన్నీళ్లను ఆనందబాష్పాలుగా నమోదు చేసి రసీదిచ్చారు. చిరునవ్వు తరగతి చెప్పే చిన్న టీచరమ్మ కూడా తన మూడు నెలల జీతం సంస్థకు కానుకగా నవ్వుతూ సమర్పించుకుంది. ఆవిడ నవ్వునే నమూనాగా గోడకు అంటించారు.

దర్జీ మాత్రం అద్దం ముందు కూర్చున్నాడు. భార్య పనినుంచి రాగానే పక్కన చేరి బుగ్గలు పైకి లాగి పట్టుకునేది. వదలగానే జారిపోయేవి. ఫోటోస్టూడియో అతను పదకొండు సార్లు తీసి చేతులెత్తేశాడు. "మాస్టారూ, ఇవి సంతాపసభకైతే బ్రహ్మాండంగా పనికొస్తాయి" అన్నాడు, మంచిమాటగానే.

సంస్థ మటుకు మానవత్వం విడిచిపెట్టలేదు. నాన్న నవ్వేదాకా గోరింకను గేటుకు లోపల, గడపకు బయట, మెట్టు మీద కూర్చోనిచ్చారు. మెట్టుకు కానుక లేదు. గోరింక అక్కడే కూర్చుని లోపల పిల్లలు పాడే పాటలన్నీ నేర్చేసుకుంది. ఉయ్యాల ఊగే పిల్లల్ని లెక్కపెట్టేది. తనిఖీ అధికారి వచ్చే రోజే గడువనీ, ఆ రోజుకీ ఆనందం రుజువు కాకపోతే ఆ మెట్టు కూడా ఇంకొకరికి ఇస్తామనీ గుమాస్తా చెప్పాడు.

ఆ రోజు రానే వచ్చింది. దర్జీ కొట్లోంచి ఉన్నపళంగా లేచి, గోరింకను భుజానికెత్తుకుని పరుగున వెళ్లాడు. పిల్లను మెట్టు మీద దింపి తను తల్లిదండ్రుల వరసలో నిలబడ్డాడు. హాలంతా పళ్లతో మెరిసిపోతోంది.

తనిఖీ అధికారి గొంతు సవరించుకున్నాడు. "మహాజనులారా! పసిపిల్లల పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని పీడిస్తే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. ఒక్కరు, ఒకే ఒక్కరు ‘మమ్మల్ని డబ్బు అడిగారు’ అనండి. ఈ క్షణమే తాళం వేయిస్తాను. పిల్లలందర్నీ మీ ఇళ్లకు పంపించేస్తాను. నిర్భయంగా చెప్పండి!"

ఇంత గొప్ప భరోసా విన్నాక వరసంతా ఇంకాస్త గట్టిగా నవ్వింది. అధికారి ఒక్కొక్క నవ్వునూ పరిశీలిస్తూ వచ్చి, దర్జీ ముందు టక్కున ఆగిపోయాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"మీరు సంతోషంగా లేరు. చెప్పండి. అడిగారా, లేదా?"

పెద్ద టీచరమ్మ నవ్వు కదల్లేదు గానీ అందులో రంగు పోయింది. దర్జీకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వస్తే రానీ, ఈ బాధ ఇవాళతో తేలిపోవాలి అనుకున్నాడు. నోరు తెరవబోతూ అధికారి భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు.

మెట్టు మీద గోరింక మౌనంగా కూర్చుని ఉంది. పెదాల మధ్య ఏదో మెరిసింది. దర్జీ చెయ్యి చప్పున కాలర్ మీదికి పోయింది. పొద్దున తొందరలో అక్కడే గుచ్చి మరిచిన మూడు గుండుసూదులూ లేవు. భుజం మీదున్నప్పుడు పీకేసింది.

అరవకూడదు. పరిగెత్తితే భయపడుతుంది. నిలబడ్డచోటినుంచే ఆ నోరు తెరిపించాలి. దర్జీ కూతురి కళ్లలోకి చూస్తూ నవ్వాడు. ఎక్కడినుంచి వచ్చిందో, ఎలా వచ్చిందో, ఇరవై రెండేళ్లుగా బిగుసుకున్న మూతి ఈ చెవినుంచి ఆ చెవిదాకా విచ్చుకుంది. కళ్లు నిండిపోయాయి, అయినా నవ్వుతూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి నాన్న అలా నవ్వడం చూడని గోరింక ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత నోరంతా తెరిచి పకపకా నవ్వింది. మూడు సూదులూ టింగుటింగుమంటూ మెట్టు మీద రాలాయి.

"పదహారు పళ్లు!" అన్నాడు గుమాస్తా వెనకనుంచి, గద్గద స్వరంతో.

అధికారి చప్పట్లు కొట్టాడు. హాలంతా కొట్టింది. దర్జీ మాత్రం మెట్టు దగ్గర కూలబడి, కూతురి నోట్లో వేలు పెట్టి చిగుళ్లూ నాలుకా అన్నీ వెతుక్కుంటున్నాడు. ఆయన నవ్వును అప్పటికే ఫోటో తీసేశారు కాబట్టి, మూడు వేలూ ఆయన జేబులోంచి తీసుకుని, గోరింకను గడప దాటించారు. కిటికీ పక్కన చోటిచ్చారు.

తనిఖీ నివేదికలో ఇలా ఉంది: ‘ఎక్కడా ఒత్తిడి కనబడలేదు. జన్మలో నవ్వని మనిషి సైతం కానుక ఇచ్చే వేళ ఆనందం పట్టలేక కన్నీళ్లు పెట్టుకున్నాడు. తల్లిదండ్రుల్లో సంతోషం అంచనాలకు మించి ఉన్నందున, వచ్చే నెల నుంచి ఐదు వేలకు తగ్గకుండా తోచవచ్చును. ఇదే పద్ధతిని ఆసుపత్రులకూ, శ్మశానాలకూ విస్తరింపజేయవలెను.’ దర్జీ ఫోటోను గేటుకు తగిలించారు, అదే మేకుకు. ఐదు వేల సంగతి తెలిసిన తల్లిదండ్రులు రోజూ దాన్ని తిట్టుకుంటూ లోపలికి వెళ్లి నవ్వి వస్తున్నారు.

ఇక్కడిదాకా చదువుతూ మీరెక్కడైనా నవ్వి ఉంటే మరేం ఫరవాలేదు. ఎవరూ బలవంతం చేయలేదు కాబట్టి దాన్ని మీ సమ్మతిగా నమోదు చేసుకోవడమైనది.