ముప్పై మాటలకు మించరాదు

ఆ రోజు పథకం చాలా తేలిక. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆఫీసు, తర్వాత సగం రోజు సెలవు, ఇస్త్రీ చొక్కా. సాయంత్రం ఐదింటికి గ్రంథాలయం పై అంతస్తు హాల్లో అతని మొదటి నవల ఆవిష్కరణ. ఏడేళ్ళు కూర్చుని రాసిన నవల. ఆరున్నరకల్లా రచయిత అయిపోయి ఇంటికి వచ్చేయవచ్చు.

పొద్దున ఏడూ పదికే ఆ పథకం కుప్పకూలింది.

అతను ఒక దినపత్రికలో మరణ ప్రకటనల గుమాస్తా. ఇరవై రెండేళ్ళుగా ఆరో పేజీ అతని చేతుల మీదుగానే వెళుతోంది. పోయినవాళ్ళ పేరులో అచ్చుతప్పు దొర్లితే ఉన్నవాళ్ళు ఊరుకోరు. అందుకని పొద్దున్నే కాఫీతో పాటు ఆరో పేజీ చదవడం అతనికి అలవాటు. రెండో వరసలో మూడో ప్రకటన దగ్గర కప్పు గాల్లోనే ఆగిపోయింది.

ఫోటో లేదు. ఫోటో లేనివాళ్ళకి వేసే పువ్వు బొమ్మ ఉంది. దాని కింద అతని అన్నయ్య పేరు. అరవై ఒక్క ఏళ్ళు. గడియారాల మరమ్మతు వృత్తి. నిన్న మరణించారు. ఆ కింద సన్నటి అక్షరాల్లో ఇలా ఉంది:

'అమ్మను చివరి రెండేళ్ళూ ఒంటిచేత్తో చూసుకున్నారు. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆగిన గడియారాన్ని ఎన్నడూ పారేయనివ్వలేదు. తమ్ముడి కథలు మొదట చదివింది ఆయనే. బాగాలేవని చెప్పిందీ ఆయనే. ఆ మాట నిజమే. తమ్ముడికి ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.'

భుజం మీదుగా భార్య కూడా చదివింది.

"ఏవండీ, బావగారు పోయారా?"

"లేదు."

"పేపర్లో ఉంది కదా!"

"అది నేను రాసింది."

"మీరు రాశారంటే పోయారనేగా అర్థం? మీ ఉద్యోగమే అది."

"ఉద్యోగానికి రాసింది కాదే. నవల కోసం రాసుకున్నది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "పదకొండేళ్ళు మాట్లాడకపోతే మానె. చంపేయడం దేనికండీ?"

జరిగింది ఇది. నవల మొదలుపెట్టిన కొత్తలో పాత్రల్ని ఎలా తయారు చేయాలో అతనికి తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, ఆఫీసు ఫారం. పేరు, వయసు, వృత్తి, మరణ తేదీ, మిగిలిన బంధువులు, చివర 'సద్గుణాలు (ముప్పై మాటలకు మించరాదు)'. ఒక మనిషి గురించి ఇంతకన్నా తెలుసుకోవాల్సింది ఏముంటుంది? అందుకని ఒక్కో పాత్రకి ఒక్కో ఫారం నింపాడు. అడుగున ప్రకటన ఇచ్చేవారి సంతకం ఉండేచోట, రేపు పుస్తకాల మీద పెట్టబోయే రచయిత సంతకం సాధన చేశాడు.

దుష్టపాత్ర ఫారం మీద అన్నయ్య అసలు పేరే రాసుకున్నాడు. నవలలో మార్చాడనుకోండి. నవలలోని అన్న పరమ కిరాతకుడు. మంచాన పడ్డ తల్లిని గాలికి వదిలేస్తాడు. తమ్ముడే రాత్రింబవళ్ళు సేవ చేస్తాడు. వాస్తవంలో సేవ చేసింది అన్న. తమ్ముడు సెలవులకి పళ్ళు పట్టుకుని వెళ్ళేవాడు. తల్లి పోయిన రోజున అతను ఒక రచయితల సమావేశంలో కథ చదువుతున్నాడు. కబురు అందింది. ఇంకా రెండు పేజీలే ఉన్నాయి కదా అని పూర్తి చేసి బయల్దేరాడు. గుమ్మంలో అన్నయ్య అందరి ముందూ ఒకే మాటన్నాడు: "ఊళ్ళోవాళ్ళందరి చావులూ టైముకి వేస్తావురా. అమ్మ చావుకి మాత్రం లేటు."

అంతే, అప్పటి నుంచీ మాటల్లేవు. ఆ మాటకి జవాబే మూడొందల పన్నెండు పేజీల నవల. కానీ ఆ ఫారం మీద చెడు రాయడం ఇరవై రెండేళ్ళ చేతికి రాలేదు. సద్గుణాల గడి దగ్గరకి వచ్చేసరికి చెయ్యి దానంతటది నిజం రాసేసింది.

నిన్న ఆఫీసులో కూర్చుని, సభలో చేయాల్సిన ప్రసంగం రాసుకుంటూ, పాత ఫారాల కట్టలోంచి ఆ ఒక్కటీ తీసి, అలవాటు కొద్దీ వయసు గడిలో పాత అంకె దిద్ది ముందు పెట్టుకున్నాడు. 'రచన నాకు నేర్పిన మానవ సంబంధాలు' అన్నది ప్రసంగం పేరు. ఇంతలో పై అంతస్తు నుంచి పిలుపు వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఫారం లేదు. కట్టలో కలిసిపోయిందనుకున్నాడు.

అన్నయ్య దుకాణం ఫోన్ నంబరు అతనికి ఇంకా నోటికి వచ్చు. చేశాడు.

"హలో," అంది బొంగురు గొంతు. "ఎవరండీ? మాట్లాడరేం?"

పెట్టేశాడు. "బతికే ఉన్నాడు," అన్నాడు భార్యతో.

"ఆ సంగతి ఆయనకి తెలుసులెండి," అంది భార్య. "తెలియాల్సింది ఊరికి."

ఆఫీసులో సూపరింటెండెంటుని అందరూ రూలుకర్ర అంటారు. మనిషి ఆకారం చూసి కొంత, మాటకి ముందు నిబంధన చెప్పే అలవాటు చూసి కొంత.

"ఏమయ్యా, ఇవాళ కూడా వచ్చావా? రేపటి నుంచి నీకు మూడు రోజులు సెలవు రాసేశాను. దగ్గరి బంధువు పోతే మూడు రోజులు. పదమూడో నిబంధన. నీ బల్ల మీద ఫారం చూశాను. పాపం, నిన్న అంత బాధలో ఉన్నావు కాబోలు, తేదీ గడి ఖాళీగా వదిలేశావు. ఖాళీ గడి పనికిరాదు కదా, నేనే నిన్నటి తేదీ వేసి నేరుగా అచ్చుకి పంపించాను. ఉద్యోగి బంధువు కాబట్టి రసీదు కూడా అక్కర్లేదు."

ఒక మనిషిని చంపడానికి ఇంత శ్రద్ధగా పనిచేసిన వాణ్ణి అతను అంతకు ముందు చూడలేదు.

"సార్, చిన్న సవరణ వేయించాలి."

"వయసు తప్పు పడిందా?"

"వయసు సరిగ్గానే ఉంది సార్. చావే తప్పు."

రూలుకర్ర కళ్ళజోడు సర్దుకుని నిబంధనల పుస్తకం తీశాడు. "ప్రకటన రద్దు చేయాలంటే మృతుడు స్వయంగా వచ్చి సవరణ ఫారం మీద సంతకం పెట్టాలి. బంధువులు పెడితే చెల్లదు. అంతవరకూ మన రిజిస్టరు ప్రకారం ఆయన లేనట్టే."

"ఇన్నేళ్ళలో అలా ఎవరైనా వచ్చారా సార్?"

"ఒక్కరూ రాలేదు. నిబంధన అంత పకడ్బందీగా ఉందన్నమాట." రూలుకర్ర పుస్తకం మూశాడు. అప్పుడు ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగాడు. "ఇంతకీ బతికున్న మనిషికి ఆఫీసు ఫారం ఎందుకు నింపావు?"

ఆఫీసు ఫారాలు సొంతానికి వాడితే ఉద్యోగం ఉండదు. అది ఏడో నిబంధన. అతను నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది.

సభకి ముఖ్య అతిథి. రిటైరైన లెక్చరరు. పుస్తకావిష్కరణకైనా సంతాప సభకైనా ఆయన ప్రసంగం ఒకటే. చివర్లో చప్పట్లా, మౌనమా అన్నదొక్కటే తేడా.

"నాయనా, చదివానయ్యా! ఆ ముప్పై మాటలూ చదివి ఏడ్చాను. సభ వాయిదా వేయకు. మీ అన్నగారి సంస్మరణ కూడా అందులోనే కలిపేద్దాం. ఊళ్ళో సగం మంది గడియారాలు ఆయన చేతి మీదుగా నడుస్తున్నవేనట. నాకు పొద్దుటి నుంచీ ఒకటే ఫోన్లు. హాలు నిండుతుంది!"

హాలు నిండుతుంది. అతను పద్నాలుగు మంది వస్తారని లెక్కపెట్టుకున్నాడు, అందులో తొమ్మిది మంది భార్య తరఫువాళ్ళు. ఆ రెండు మాటల దగ్గర అతని నోరు మూతపడింది. మనిషి చెడిపోవడానికి పెద్ద ఆశలేం అక్కర్లేదు.

"అలాగే సార్," అన్నాడు. ఫోను పెట్టేసరికి రూలుకర్ర తన ప్రశ్న మరిచి ఇంకో ఫారంలో ఖాళీ గడి వెతుకుతున్నాడు.

మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య చెప్పి చూసింది. "సభలోనే నిజం చెప్పేయండి."

"రేపు చెబుతానే."

"రేపటికి బావగారు ఇంకాస్త పోతారు."

ఐదింటికి హాల్లో కుర్చీలు చాలలేదు. గోడల వెంట జనం నిలబడ్డారు. చాలామంది మణికట్టు మీద గడియారాన్ని రెండో చేత్తో పట్టుకున్నారు, అది తమకి ఆయన ఇచ్చిపోయిన ఆస్తి అన్నట్టు. ఒక ముసలాయన అతని చేతులు పట్టుకుని, "మా నాన్న గడియారం నాలుగు దుకాణాలవాళ్ళు కుదరదన్నారు బాబూ. మీ అన్న పన్నెండు రోజులు కూర్చుని నడిపించాడు," అని ఏడ్చాడు. సభ మొదలయ్యేలోగా అమ్మకానికి తెచ్చిన రెండు వందల కాపీలూ అయిపోయాయి. అతను తేలు కుట్టిన దొంగలా వేదిక మీద కూర్చున్నాడు.

ముఖ్య అతిథి పుస్తకం అట్ట తెరవకుండానే ప్రకటించాడు. "ఈ నవల ప్రతి పేజీలోనూ సోదర ప్రేమ పొంగి పొర్లుతుంది!"

మొదటి వరసలో భార్య తల దించుకుంది. ఆమె చదివింది.

అతని వంతు వచ్చింది. జేబులోంచి మూడు పేజీలు తీశాడు. "రచన మనిషిని కడుగుతుంది," అని మొదలుపెట్టాడు. "ఈ నవల రాస్తూ నేను ఎదిగాను. క్షమించడం నేర్చుకున్నాను." గొంతు పూడుకుపోయింది. జనం అది దుఃఖమనుకున్నారు. భయం కూడా అలాగే వినిపిస్తుంది. ముఖ్య అతిథి అతని భుజం తట్టి, "అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నాడు.

అందరూ లేచారు. తలలు వంచారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ముఖ్య అతిథి గొంతు సవరించుకుని, "కూర్చోండి," అన్నాడు.

"రెండు నిమిషాలు కాలేదండీ," అంది వెనక నుంచి ఒక బొంగురు గొంతు. "ఇంకా నలభై సెకన్లుంది."

తలలన్నీ తిరిగాయి. ఆఖరి వరస వెనక, తలుపు పక్కన అన్నయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో జేబు గడియారం. చంకలో మడిచిన దినపత్రిక. తన మౌనం తనే పాటించి, అది తక్కువైందని ఫిర్యాదు చేస్తున్నాడు.

ఒకావిడ కెవ్వుమంది. ముఖ్య అతిథి మైకు పట్టుకుని ఇలాంటి సందర్భానికి ప్రసంగం లేక నిలబడిపోయాడు. అన్నయ్య జనం మధ్య నుంచి తాపీగా నడిచి వచ్చి వేదిక ఎక్కాడు.

"అన్నయ్యా," అన్నాడు అతను. పదకొండేళ్ళ తర్వాత నోటికి వచ్చిన మొదటి మాట. "పొరపాటున..."

"ఆగరా." అన్నయ్య దినపత్రిక విప్పాడు. ఆరో పేజీ. "నీ రాత నాకు తెలియదా? ఇది నువ్వు రాసిందే. అమ్మ సంగతి రాశావు. ఈ ఒక్క మాట నీ నోటి నుంచి వస్తుందేమోనని పదకొండేళ్ళు చూశాను. నేను పోతే గాని రాదని తెలిస్తే ఇంకాస్త ముందే పోయేవాణ్ణి కదరా!"

అన్నదమ్ములు కావలించుకున్నారు. హాలంతా చప్పట్లు. పొద్దున్నే ఫోన్ చేసి పెట్టేసింది ఎవరో కూడా తనకి తెలుసునని అన్నయ్య చెవిలో చెప్పాడు. అతను నిజంగానే ఏడ్చాడు. కథ ఇక్కడ ఆగితే అందరికీ బాగుండేది.

అన్నయ్య బల్ల మీద ఆవిష్కరణకి పెట్టిన కాపీ అందుకున్నాడు.

"ముప్పై మాటలకే ఇంత ఉంటే, మూడొందల పేజీల్లో ఇంకెంత రాశావో!"

అతని కన్నీళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. "అన్నయ్యా, అది వద్దు. అందులో అచ్చుతప్పులున్నాయి."

"అచ్చుతప్పులకి నేను భయపడతానా? ఆవగింజంత పళ్ళ చక్రాల్ని సర్దేవాణ్ణి."

"అక్షరాలు చిన్నవి. నీ కళ్ళు పాడవుతాయి."

"భూతద్దం నా వృత్తేరా."

"మొదటి నవల కదా, బాగాలేదు. చదవకు."

అన్నయ్య నవ్వాడు. "బాగాలేదని చెప్పాల్సింది నేను. నువ్వు కాదు." పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. రెండు వందల మందికి చేరాలని ఏడేళ్ళు ప్రార్థించినవాడు ఒక్క మనిషికి చేరకూడదని మెట్ల దాకా వెంటపడ్డాడు. అందలేదు.

మూడు రోజుల సెలవులో అతను దుకాణానికి మూడుసార్లు వెళ్ళాడు. తలుపు సగం వేసి ఉంది. లోపల దీపం వెలుగులో భూతద్దం, దాని కింద నవల. మొదటి రోజు నలభయ్యో పేజీ. రెండో రోజు నూట తొంభై. మూడో రోజు పుస్తకం మూసి ఉంది. అన్నయ్య తల ఎత్తలేదు. గోడ మీద గడియారాలన్నీ ఒకే టైము చెబుతున్నాయి. అతను గుమ్మం దాటలేకపోయాడు.

నాలుగో రోజు పదింటికి అన్నయ్య పత్రికాఫీసు కౌంటరు దగ్గరకి వచ్చాడు. అతని ప్రాణం లేచొచ్చింది. రూలుకర్రకి కూడా. మృతుడు స్వయంగా రావడం ఆఫీసు చరిత్రలో ఇదే మొదలు.

"రండి రండి," అన్నాడు రూలుకర్ర, సవరణ ఫారం ముందుకు జరిపి. "ఇక్కడ సంతకం పెడితే మీరు బతికినట్టే."

"సవరణ ఇవ్వడానికి రాలేదండీ. ఆ ప్రకటన అలాగే ఉండనివ్వండి. నా గురించి మా వాడు రాసిన మంచి అదొక్కటే." అన్నయ్య తమ్ముడి వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "నవల పూర్తి చేశానురా. చివరి పేజీలో నన్ను క్షమించేశావు. నేను చేయని తప్పుకి."

"అన్నయ్యా, కథ కదా..."

"అమ్మ మంచం పక్కన కూర్చున్నది నువ్వు. దుప్పటి మార్చింది నువ్వు. బాగా రాశావు. దుప్పటి ఎలా మారుస్తారో ఒక్కటి తప్పు రాశావు, అంతే. అది మార్చినవాడికే తెలుస్తుంది."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. మరణ ప్రకటన ఫారం. పేరు: తమ్ముడిది. వయసు: సరిగ్గా ఉంది. వృత్తి: రచయిత. మరణ తేదీ: పదకొండేళ్ళ కిందటిది, అమ్మ పోయిన రోజు. సద్గుణాల గడిలో ముప్పై మాటలకి చోటుంటే నాలుగే వాడుకున్నాడు: 'ఒకసారి పొరపాటున నిజం రాశాడు.' ఎక్కడా ఖాళీ గడి లేదు. సంతకం గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

"దీన్ని రేపు వేయండి," అన్నాడు రూలుకర్రతో. వెళుతూ వెళుతూ గోడ గడియారం వైపు చూశాడు. ఉండబట్టలేక కుర్చీ ఎక్కి, ముల్లు నాలుగు నిమిషాలు ముందుకి జరిపి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"అన్నయ్యా!" అని పిలిచాడు అతను. తలుపు మూసుకుంది.

రూలుకర్ర ఫారాన్ని రెండుసార్లు చదివాడు. రిజిస్టరు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. ఎర్ర సిరా కలం తీసి ఫారం అడుగున తీరిగ్గా రాసి, గుమాస్తా ముందుకి తోశాడు.

'తిరస్కరించడమైనది. కారణం: దరఖాస్తుదారు జీవించి లేరు.'