నువ్వుల శాఖ విజయోత్సవం

ఒక పెద్ద అడవిలో నువ్వులకు ఒక శాఖ ఉండేది. నువ్వులు మాత్రం ఉండేవి కావు.

పూర్వం ఉండేవి. వాగు పక్క చేలన్నీ తెల్లటి నువ్వుపూలతో నిండి ఉండేవి. ఆ తర్వాత ఒక ఏడు వాగును రాజుగారి ఈతకొలనుకు మళ్ళించారు. మరొక ఏడు మంచి చేలన్నింటి మీదుగా రాజుగారి ఊరేగింపు బాట వేశారు. కుందేళ్ళు విసిగిపోయి దుంపలు వేసుకున్నాయి. నెమళ్ళు సాగు మానేసి ఆస్థానంలో నాట్యానికి కుదిరాయి. ఏటికేడాది పంట తగ్గింది.

తగ్గిందని మాత్రం చెప్పకూడదు. కొలువు ఎదుట ఒక పెద్ద బండ ఉంది. దాని మీద ఏటా నువ్వుల దిగుబడిని సుద్దముక్కతో గీతగా గీసేవారు. ఒకసారి శాఖ కార్యదర్శి అడవిపంది ఉన్నదున్నట్టు గీతను కిందికి దించింది. మర్నాటి నుంచి అడవిపంది కనిపించలేదు. రాజుగారు, అంటే సింహంగారు, ఆ పూట వంట బాగా కుదిరిందన్నారు.

ఆ పదవి నక్కకు వచ్చింది. నక్క గీతను పైకి ఎక్కించింది. ఏటేటా ఎక్కించింది. చివరికి బండ అయిపోయింది.

"అయ్యగారూ, ఇక పైన ఆకాశమే ఉంది" అంది గుమస్తా కోతి తల గోక్కుంటూ.

"అయితే ఆకాశంలోనే గీయి. అభివృద్ధికి హద్దులు పెడతావా, అభివృద్ధి నిరోధకుడా!"

కొంగను పిలిపించి, ముక్కుకు తెల్లదారం కట్టి, బండ అంచు నుంచి పైకి ఎగరమన్నారు. అడవి అంతా మెడలెత్తి చూసి చప్పట్లు కొట్టింది. ఒకప్పుడు దున్నేవాడిదే భూమి అని గొంతు చించుకున్న అడవి అది! ఇప్పుడు కొలిచేవాడిదే పంట అంటే తల ఊపింది.

ఆ ఏడు అడవి మొత్తంలో నువ్వులు వేసింది ఒక్క కౌజుపిట్ట సూరమ్మే. ఉన్నది ఒక్క చెక్క పొలం. ఆ గింజే దాని పిల్లలకు తిండి, మళ్ళీ ఏటికి విత్తనం. పాత విత్తనం ఎవరి దగ్గరా లేదు. ఈ గింజ పోతే అడవిలో నువ్వు అన్న మాటే ఉండదు.

అడుగు కాయలు పసుపు తిరగ్గానే సూరమ్మ కొడవలి పట్టుకుని చేలో దిగింది. అంతలో నక్క రొప్పుతూ వచ్చింది.

"ఆగు సూరమ్మా! కొయ్యొద్దు!"

"ఎందుకు కొయ్యొద్దు? ఇప్పుడు కొయ్యకపోతే కాయలు నోళ్ళు తెరుస్తాయి. గింజంతా నేలపాలు."

"నాకు తెలీదా తల్లీ? నేను చదివిందే ఆ చదువు. కానీ కోసి కట్టలు కడితే రాజుగారి కంటికి పుల్లల మోపులా ఉంటుంది. పున్నమికి నువ్వుల విజయోత్సవం. ఆయనకు నిలబడ్డ పంట చూపించాలి."

"పున్నమిదాకా కాయలు ఆగుతాయా?"

"ఆగమని ఉత్తర్వులిచ్చాం."

"ఎవరికి?"

"కాయలకి."

సూరమ్మ కొడవలి ఎత్తింది. నక్క వెనకనుంచి రెండు తోడేళ్ళు పళ్ళు చూపిస్తూ ముందుకొచ్చాయి. కొడవలి కిందికి దిగింది.

పున్నమి రోజున రాజుగారు ఏనుగెక్కి వచ్చారు. ఉన్నది ఒకటే చేను కాబట్టి నక్క ఏనుగును దాని చుట్టూ తిప్పింది.

"ఇది తూర్పు మండలం ప్రభూ." గట్టు మీద పచ్చ తలపాగాతో సూరమ్మ దండం పెట్టింది.

"ఇది దక్షిణ మండలం." ఎర్ర తలపాగాతో సూరమ్మ.

పడమటి మండలంలో సూరమ్మ గొడుగు పట్టుకుని ఉంది.

"ఈ రైతులందరిదీ ఒకే మొహమేమిటోయ్?" అన్నారు రాజుగారు.

"సమసమాజం ప్రభూ! తమరి హయాంలోనే సాధించాం."

"మరి అందరూ నన్ను కొరకొరా చూస్తున్నారేం?"

"భక్తి ప్రభూ. ముదిరితే అలాగే ఉంటుంది."

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి, ఇంతకీ ఇది ఏ మండలం?" అని ఉత్తరపు గట్టు దగ్గర మూలిగింది ఏనుగు.

"నువ్వు ప్రభుత్వోద్యోగివి. తిరుగు, అడక్కు" అంది నక్క.

నాయకుడన్నాక అభిషేకం తప్పదు కదా! రాజుగారిని చేను నడిమధ్య నిలబెట్టి, ఎలుగుబంట్లు జూలు మొదలు తోక కుచ్చుదాకా కుండలతో తేనె పోశాయి. జేజేలు మిన్నంటాయి. రాజుగారు ఉబ్బితబ్బిబ్బై, ఒళ్ళు విదిలించుకుని, కొండలు అదిరేట్టు గర్జించారు.

ఎండి పగలడానికి సిద్ధంగా ఉన్న కాయలన్నీ చిటపటమని ఒక్కసారే విచ్చుకున్నాయి. చేనంతా పుల్లలు మిగిలాయి. రాజుగారు నువ్వులద్దిన పెద్ద అరిసెలా నిలబడ్డారు.

"నక్కా, నా ఒంటి మీద ఏమిటిది?"

"పంట ప్రభూ."

"ఎంత పంట?"

"మొత్తం!" అని సూరమ్మ తలపాగా విసిరికొట్టింది. "అడవి మొత్తం పంట అదే! నాలుగు మండలాలూ నేనే! పిల్లలూ, రండర్రా, మన విత్తనం నడిచిపోతోంది!"

కౌజుపిల్లలు బిలబిలమంటూ రాజుగారి జూలులో దూకి ఏరడం మొదలుపెట్టాయి. రాజుగారు గర్జిద్దామనుకున్నారు. చక్కిలిగిలి వల్ల కాలేదు. "హిహిహి, పట్టుకోండి, హిహి, ఉరి తీయండి!" అంటూ నేల మీద దొర్లారు. నవ్వుతూ ఇచ్చిన ఆజ్ఞను అమలు చెయ్యాలా వద్దా అని తోడేళ్ళు తర్జనభర్జన పడుతుండగా, సూరమ్మ కుటుంబం గింజలన్నీ గొంతుల్లో దాచుకుని పొదల్లోకి మాయమైంది.

నక్క మాత్రం తడబడలేదు. "ప్రభూ, కిందటేడు తమరి ఒంటికి ఒక్క గింజైనా అంటిందా? ఈ ఏడు నిలువెల్లా! ఇంత పెరుగుదల ఏ అడవి చరిత్రలోనూ లేదు."

రాజుగారు ఆలోచించారు. "మాట బాగుంది. ఇకమీదట కొలత ఇదే. కానీ నాకు దురద. నీ ఒంటి మీద కొలవమను."

ఎలుగుబంట్లు మిగిలిన తేనెంతా నక్క మీద కుమ్మరించి, చేలో పొర్లించాయి. గింజ ఒక్కటీ అంటలేదు. తేనె వాసనకు వచ్చిన గండుచీమలు మాత్రం నిండుగా అంటుకున్నాయి. నక్క కుయ్యోమంటూ కొండ మీదికి పరుగెత్తింది. విధి తప్పని గుమస్తా కోతి, కొలత పోయిన దారినే వెనకాల సుద్దతో గీసుకుంటూ వెళ్ళింది. ఆ ఏడు కూడా గీత పైకే పోయింది.

సూరమ్మ కొండ అవతల, ఏ మండలంలోనూ చేరని లోయలో గింజలు చల్లుకుంది. కుందేళ్ళు వచ్చి విత్తనం అడిగి పట్టుకెళ్ళాయి. కాయ పసుపు తిరగ్గానే ఎవరినీ అడక్కుండా కోసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత అడవిలో నువ్వుల పంట నిజంగా పెరిగింది. శాఖకు ఆ సంగతి ఇంతవరకూ తెలియదు.

నీతి: దేశంలో పంట పెరగాలంటే, ముందుగా ఆ సంగతి ప్రభుత్వానికి తెలియకూడదు.