స్లివ్నోపోల్యే అగ్నిమాపక దళ ఘనచరిత్ర, ముప్పై ఒకటో పేజీ

స్లొవేనియా కొండల్లోని స్లివ్నోపోల్యే గ్రామ స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి 1994 వేసవితో నూరేళ్ళు నిండుతున్నాయనీ, ఆ శుభసందర్భంలో దళచరిత్రను అచ్చు వేయించాలనీ కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. రాసే బాధ్యత రిటైరైన టీచరు తిల్కాకు అప్పగించారు. ఊళ్ళో కామా ఎక్కడ పెట్టాలో తెలిసింది ఆవిడొక్కరికే.

తిల్కా పాత మినిట్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. దళం పుట్టగానే జెండా కొన్నారు. తర్వాత బాకాలు, ఆ తర్వాత ఇత్తడి టోపీలు. నీళ్ళు కొట్టే పంపు నాలుగో ఏట వచ్చింది గానీ షెడ్డులో చోటు లేదు, బాకాలున్నాయి. అంతకుముందే ఒకసారి పిండిమర అంటుకుంది. యూనిఫారాల బొత్తాలు ఇంకా దర్జీ దగ్గరే ఉండటాన దళం బయల్దేరలేకపోయింది. మర తనంతట తానే ఆరిపోయింది. అది చూపిన సహకారానికి కృతజ్ఞతలు తెలుపుతూ ఒక తీర్మానం ఉంది. ఊరేగింపులో బ్యాండుకు ముందు ఎవరు నడవాలన్న చర్చ తొమ్మిదేళ్ళు సాగింది. ఆ తొమ్మిదేళ్ళూ ఊళ్ళో ఒక్క అగ్నిప్రమాదమూ లేదు. ఉన్నా రాసుకునే తీరిక ఎవరికీ లేదు.

1923 శరత్కాలం దగ్గర తిల్కా వేలు ఆగింది. "హ్రిబార్ గారి పశువులకొట్టంలో మంట ఆరినది. నష్టం: పదకొండు పీపాల ఆపిల్ రసం. బాధ్యులను గుర్తించవలెను."

బాధ్యుల్లో ఒకరు ఇంకా బతికే ఉన్నారు. హ్రిబార్ గారి కూతురు, ఎనభై ఆరేళ్ళ యుస్టీనా అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది.

"మంటలప్పుడు మగాళ్ళంతా ఎక్కడున్నారవ్వా?"

"పక్కూరి దళం కొత్త జెండా పండగకి పోయారు. పంపుక్కూడా పూలు చుట్టి తీసుకుపోయారు. మేం అయిదుగురు ఆడోళ్ళం పాల బకెట్లతో వాగు నుంచి నీళ్ళు మోశాం. వాగు ఎండిపోయి బురద వస్తుంటే పీపాలు పగలగొట్టాం. ఆవులు దక్కాయి. సాయంత్రం మా నాన్నొచ్చి, 'చేతులు కాలాయా?' అనడిగాడా? 'రసమేదే?' అనడిగాడు."

అవ్వ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "మా అయిదుగురి పేర్లూ వేస్తావా అమ్మాయ్? నేనొక్కదాన్నే మిగిలా. పోయేలోగా చూసుకోవాలి."

దళనాయకుడు ఫెలిక్స్ బ్రూమెన్ ఇది విని ఛాతీ పొంగించాడు. "టీచరమ్మా, చరిత్రంటే జరిగిందంతా కాదు. భావితరాలకు స్ఫూర్తి! ఆడవాళ్ళు ఆర్పారంటే మగవాళ్ళేరీ అంటారు. 'దళం దూరం నుండే నాయకత్వం వహించింది' అని రాయండి. అబద్ధం కాదుగా, దూరంగానే ఉన్నారు."

తిల్కా తలూపింది. ఇంటికెళ్ళి మూడు రోజులు ఆలోచించింది. ఆ దళం హాల్లోనే ఆవిడ పెళ్ళి విందు జరిగింది, రేపు చావు విందూ అక్కడే జరగాలి. నాలుగో రోజున పంపుకు చుట్టిన పూలతో సహా ఉన్నదున్నట్టు రాసి, అయిదుగురి పేర్లూ వేసింది. అది ముప్పై ఒకటో పేజీ అయింది.

చిత్తుప్రతిని కార్యవర్గం నిశితంగా పరిశీలించింది. అంటే ఒక్కొక్కరూ తమ తాత ఫొటో ఉందో లేదో చూసుకున్నారు. ఉంది. ఆమోదించారు.

ఉత్సవం నాడు బ్యాండు మోగింది, సాసేజులు కాలాయి. బ్రూమెన్ పుస్తకాన్ని పైకెత్తి, "ఇందులో ప్రతి అక్షరమూ నిజం!" అని గర్జించాడు. రెండువందల ప్రతులూ సాయంత్రానికి చెల్లిపోయాయి. తిల్కా ఊరివాళ్ళ కేకల కోసం ఎదురుచూసింది. ఆ రోజు రాలేదు, ఆ వారమూ రాలేదు. పదోరోజు ఒక్క ఫిర్యాదు వచ్చింది. వెనక అట్ట మీది ప్రకటనలో కసాయి ద్రాగో ఫోన్ నంబరు తప్పు పడిందట. కార్యవర్గం తీవ్రంగా స్పందించి, నంబరు సరిచేసి మరో రెండువందల ప్రతులు వేయించాలని అత్యవసరంగా తీర్మానించింది.

తిల్కా ఆ పేజీని అవ్వకు చదివి వినిపించింది. అవ్వ తన పేరుకు తలూపింది. మిగతా నలుగురి పేర్లు మాత్రం మళ్ళీ చదివించుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఊళ్ళో ఏమంటున్నారే?"

"ఎవరూ చదవలేదవ్వా. అందరిళ్ళల్లోనూ గాజు బీరువాలో పెట్టుకున్నారు."

"మళ్ళీ అచ్చేస్తున్నారన్నావు?"

"అవును, ఫోన్ నంబరు కోసం."

అవ్వ బోసినోటితో నవ్వి, బల్లను దగ్గరికి లాక్కుంది. "అయితే పెన్సిలు తియ్. ఆ రోజు పక్కూళ్ళో తాగి పంపు మీద పడి నిద్రపోయినోళ్ళ పేర్లు చెప్తా. మొదటివాడు బ్రూమెన్ తాత."